అందని పులుపు అందిన వేళ

అందని ద్రాక్షపళ్లు పుల్లన అన్న నక్క కథ మనందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పుకోబోయేది దాన్ని తిరగేసిన కథ. ఇందులో నక్క లేదు, కంటికి కనిపించని ఓ బ్యాక్టీరియా ఉంది. ద్రాక్షతోట లేదు, ఓ చిన్న గాజు కుప్పె ఉంది. ఆ కుప్పెలో పులుపు సమృద్ధిగా ఉంది. దాన్ని అరిగించుకునే శక్తి కూడా ఆ బ్యాక్టీరియాకి ఉంది. అయినా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు... దాదాపు పదిహేనేళ్లపాటు అది ఆ తిండి జోలికి వెళ్లలేదు. చుట్టూ భోజనం పెట్టుకుని అర్ధాకలితోనే బతికింది.

ఎందుకని? ఆ తిండి లోపలికి రావడానికి తగిన తలుపు తెరుచుకోలేదు కాబట్టి! ఎదురుగా ఉన్నదంతా ఆహారం కాదు, ఒంట్లోకి వెళ్లగలిగిందే ఆహారం. ఈ చిన్న సూత్రం ఆ గాజు కుప్పెతో ఆగిపోదు. మనం తాగే నీళ్లు, చిలికే వెన్న, పండించే కందులు, చివరికి పసిబిడ్డ మెదడు... అన్నిచోట్లా ఇలాంటి తలుపుల పాత్ర ఉంది. అదెలాగో చూద్దాం.

పులుపులో ఏముంది?

మన వంటింట్లో పులుపు అనుకునేవన్నీ సేంద్రియ ఆమ్లాల చలవే. నిమ్మకాయలో సిట్రిక్‌ ఆమ్లం, చింతపండులో టార్టారిక్‌ ఆమ్లం, పెరుగులో లాక్టిక్‌ ఆమ్లం, వెనిగర్‌లో అసిటిక్‌ ఆమ్లం, ఆపిల్లో మాలిక్‌ ఆమ్లం. సేంద్రియం అన్నారు కదా అని ఎరువుల్ని గుర్తుచేసుకోకండి. కర్బనం ఉన్న ఆమ్లాలు అని మాత్రమే ఇక్కడ అర్థం. కర్బనం ఉందంటే ఇంధనం ఉన్నట్టే. అందుకే మన నాలుకకు రుచి అయినది ఎన్నో బ్యాక్టీరియాలకు కడుపునింపే తిండి అవుతుంది.

ఇంకో విశేషం. మనం అన్నం తిన్నా, బ్యాక్టీరియా చక్కెర తిన్నా దాన్నుంచి శక్తిని తీసే క్రమంలో లోపల సిట్రిక్‌ ఆమ్లం తయారవుతుంది, మళ్లీ విడిపోతుంది. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు నిరంతరం సాగే ఈ చర్యల్ని 1937లో హాన్స్‌ క్రెబ్స్‌ వివరించారు. సిట్రిక్‌ ఆమ్ల వలయం అనే పేరు దీనికి అలా వచ్చిందే. ఆయనకు 1953లో నోబెల్‌ బహుమతి వచ్చింది. అంటే సిట్రిక్‌ ఆమ్లాన్ని వాడుకోవడం కణాలకు కొత్తేమీ కాదు. బయట ఉన్నదాన్ని లోపలికి తెచ్చుకోవడమే అసలు సమస్య.

గోడ దాటడం ఎలా?

బ్యాక్టీరియా అంటే ఒకే కణం. దాని చుట్టూ కొవ్వు పదార్థంతో చేసిన సన్నని పొర ఉంటుంది. మందం నాలుగు నానోమీటర్ల దాకా ఉంటుందంతే. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం ఒక నానోమీటరు. అంత పలుచని పొరే అయినా ఆ కణానికి అది కోటగోడ.

నూనె, నీరు కలవవని తెలిసిందే. ఇక్కడా అదే లెక్క. సేంద్రియ ఆమ్లాలు నీళ్లలో ఉన్నప్పుడు తమ దగ్గరున్న ప్రోటాన్లను వదిలేసి రుణావేశం తెచ్చుకుంటాయి. సిట్రిక్‌ ఆమ్లం అయితే ఏకంగా మూడింటిని వదిలేయగలదు. అలా మారిన దాన్ని సిట్రేట్‌ అంటారు. విద్యుదావేశం ఉన్న ఇలాంటి వాటికి నీళ్లంటే ఇష్టం, కొవ్వంటే గిట్టదు. కాబట్టి వాటంతట అవి పొరను దాటి లోపలికి రాలేవు.

అందుకే పొరలో అక్కడక్కడా ప్రొటీన్లతో చేసిన తలుపులుంటాయి. వీటినే రవాణా ప్రొటీన్లు అంటారు. ఇవి మన ఇంటి తలుపుల్లా బార్లా తెరుచుకోవు. ముందు బయటివైపు తెరుచుకుంటాయి. తమకు సరిపోయే అణువు వచ్చి కూర్చోగానే బయటివైపు మూసుకుని, లోపలివైపు తెరుచుకుంటాయి. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోవడం ఉండదు. అలా తెరిస్తే కణంలోని సరుకంతా బయటికి పోతుంది మరి! ఈ ఏర్పాటు ఇలా ఉండొచ్చని ఒలెగ్‌ జార్డెట్‌స్కీ 1966లోనే ఊహించారు. తర్వాత ప్రొటీన్ల ఆకారాలు బయటపడేకొద్దీ ఆ ఊహ నిజమేనని తేలుతూ వచ్చింది.

తలుపు తిప్పాలంటే బలం కావాలి కదా! దానికీ కొన్ని పద్ధతులున్నాయి. మొదటిది జోడీ పద్ధతి. కణం తనలోని ప్రోటాన్లనో సోడియంనో ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంటుంది. అవి మళ్లీ లోపలికి రావాలని తోసుకుంటుంటాయి. ఆ తోపులాటను వాడుకుని, వాటితోపాటు ఆమ్లం కూడా లోపలికి వచ్చేస్తుంది. పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడాయే కణానికి శక్తి నిల్వ అని చెప్పిన పీటర్‌ మిచెల్‌కు 1978లో నోబెల్‌ వచ్చింది. రెండోది మన పెద్దవాళ్లు చెప్పే కుండమార్పిడి సంబంధం లాంటిది. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి వస్తే, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి వెళ్లాలి. అలాగే ఒక ఆమ్లం లోపలికి రావాలంటే, లోపలున్న మరో ఆమ్లం బయటికి వెళ్లాలి. మన కథలో కీలకమైనది ఈ రెండో పద్ధతే.

తలుపు తట్టని చుట్టం

అన్ని ఆమ్లాలూ తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తాయనుకుంటే పొరపాటే. వెనిగర్‌లోని అసిటిక్‌ ఆమ్లం సంగతి చూడండి. పులుపు బాగా ఎక్కువగా ఉన్నచోట ఇది తన ప్రోటాన్‌ను వదలకుండా పట్టుకుని ఉంటుంది. అప్పుడు దానికి విద్యుదావేశం ఉండదు. పైగా చిన్న అణువు. కాబట్టి ఏ తలుపూ తట్టకుండా కొవ్వు పొరలోంచే నేరుగా లోపలికి దూరిపోతుంది.

బ్యాక్టీరియా లోపల పులుపు తక్కువ. అక్కడికి వెళ్లగానే ప్రోటాన్‌ను వదిలేస్తుంది. దాంతో లోపలా పులుపెక్కడం మొదలవుతుంది. బ్యాక్టీరియా ఆ ప్రోటాన్లను బయటికి తోడిపోయడానికి తన శక్తినంతా ఖర్చుపెట్టాలి. తోడుతున్నకొద్దీ కొత్త ఆమ్లం వస్తూనే ఉంటుంది. పడవకు చిల్లుపడ్డాక దోసిళ్లతో నీళ్లు తోడినట్టు ఉంటుంది దాని పని. చివరికి పెరగడం మానేస్తుంది, లేదంటే చస్తుంది. వెనిగర్‌లో వేసిన కూరగాయలు నెలల తరబడి పాడవకపోవడంలో రహస్యం ఇదే. మన ఊరగాయల్లో ఉప్పు, నూనెలకు తోడు పులుపు కూడా ఓ కాపలాదారే.

చూశారా, అదే జాతి పదార్థం! తలుపులోంచి లెక్క ప్రకారం వస్తే తిండి, గోడలోంచి అడ్డగోలుగా చొరబడితే విషం. తేడా అంతా వచ్చే దారిలోనే ఉంది.

ఆకుపచ్చా... నీలమా?

ఇప్పుడు ఇ.కోలి దగ్గరికి వద్దాం. మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఇది. ఇందులో చాలా రకాలు మనకు హాని చెయ్యవు. కానీ తాగునీళ్లలో కనిపించిందంటే ఆ నీళ్లలో ఎక్కడో మలం కలిసిందని అర్థం. టైఫాయిడ్‌, కలరా, కామెర్లు కలిగించే క్రిములకూ అదే దారి కాబట్టి అది ప్రమాద ఘంటికే.

చిక్కేమిటంటే, ఇ.కోలిని పోలిన బ్యాక్టీరియాలు మట్టిలో, మొక్కల మీద కూడా ఉంటాయి. క్లెబ్సియెల్లా, ఎంటరోబ్యాక్టర్‌ అలాంటివే. మరి నీళ్లలో దొరికింది ఏదో తెలిసేదెలా? 1923లో కోజర్‌ అనే శాస్త్రవేత్త దీనికి ఓ తేలికైన ఉపాయం చెప్పారు. బ్యాక్టీరియాకి తిండిగా సిట్రేట్‌ను మాత్రమే పెట్టి చూడమన్నారు. గాలి తగిలేచోట క్లెబ్సియెల్లా లాంటివి దాన్ని తిని పెరుగుతాయి. ఇ.కోలి మాత్రం పెరగదు. 1926లో సిమన్స్‌ దీనికి రంగు జోడించారు. ఆకుపచ్చని అగర్‌ మీద బ్యాక్టీరియాను గీస్తే సిట్రేట్‌ తినేవి దాన్ని నీలంగా మార్చేస్తాయి. ఇ.కోలి అయితే ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉండిపోతుంది.

మీ ఇంట్లో మైక్రోబయాలజీయో, ల్యాబ్‌ టెక్నీషియన్‌ కోర్సో చదివేవాళ్లుంటే అడిగి చూడండి. సిమన్స్‌ సిట్రేట్‌ పరీక్ష అనగానే ఆ రంగులు చెబుతారు. ఇప్పుడు ఇంతకన్నా వేగంగా ఫలితాలిచ్చే పద్ధతులు వచ్చినా, బ్యాక్టీరియాలను గుర్తుపట్టే పాఠాల్లో దీని చోటు దీనిదే. వందేళ్లకు పైగా పనికొస్తున్న ఈ పరీక్షకు ఆధారం ఒక్కటే. గాలి ఉన్నప్పుడు ఇ.కోలికి సిట్రేట్‌ తలుపు తెరుచుకోదు!

అప్పుడప్పుడూ పశువుల దగ్గర దొరికిన ఇ.కోలిలో సిట్రేట్‌ తినేవీ కనిపించాయి. అవి ఆ తలుపు జన్యువును ఇతర బ్యాక్టీరియాల నుంచి అరువు తెచ్చుకున్నవి. సొంతంగా ఆ విద్య నేర్చుకోవడం మాత్రం బహు అరుదు. ఎంత అరుదో తెలియాలంటే అమెరికాలోని ఓ ప్రయోగశాలకు వెళ్లాలి.

12 కుప్పెలు... వేల తరాలు

1988 ఫిబ్రవరి 24. రిచర్డ్‌ లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో 12 గాజు కుప్పెల్లో ఒకే రకం ఇ.కోలిని వేశారు. తర్వాత ఈ ప్రయోగం ఆయనతోపాటే మిషిగన్‌ స్టేట్‌ యూనివర్సిటీకి వెళ్లింది. పద్ధతి చాలా సాదాసీదా. ఒక్కో కుప్పెలో 10 మిల్లీలీటర్ల ద్రవం. అందులో కాస్త గ్లూకోజు. లీటరుకు 25 మిల్లీగ్రాముల లెక్కన అంటే నిజంగా చిటికెడు కూడా కాదు. రోజూ ఆ ద్రవంలోంచి నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేస్తారు. మిగిలింది తీసేస్తారు. మర్నాడు మళ్లీ అదే పని. మన ఇళ్లలో నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడువేసినట్టే అనుకోండి. ఇలా రోజుకు ఆరున్నర తరాలకు పైగా గడిచిపోతాయి. ప్రతి 500 తరాలకోసారి కొన్నిటిని గడ్డకట్టించి దాచిపెడతారు. అవి చచ్చిపోవు. కావాలంటే ఎప్పుడైనా మళ్లీ బతికించుకోవచ్చు. తాతముత్తాతల్ని లేపి మనవలతో పోటీకి నిలబెట్టవచ్చన్నమాట!

ఆ ద్రవంలో సిట్రేట్‌ కూడా ఉంది. బ్యాక్టీరియాకు ఇనుము అందడానికి పనికొస్తుందని ఎప్పటినుంచో అలాంటి ద్రవాల్లో కలిపే పదార్థమది. అణువుల లెక్కలో గ్లూకోజుకు పది రెట్ల పైమాటే. గ్లూకోజు కొద్ది గంటల్లో అయిపోయేది. ఆ తర్వాత మర్నాటిదాకా పస్తే. ఎదురుగా పది రెట్ల తిండి ఉన్నా సరే పస్తే. ఎందుకంటే కుప్పెల్ని అదేపనిగా కదుపుతుంటారు కాబట్టి ద్రవంలో గాలి బాగా కలుస్తుంది. గాలి ఉంటే ఇ.కోలికి ఆ తలుపు బంద్‌.

2003 జనవరిలో ఓ రోజు 12 కుప్పెల్లో ఒకటి మిగతావాటికన్నా బాగా చిక్కగా, మసకగా కనిపించింది. బయటి నుంచి వేరే బ్యాక్టీరియా ఏదైనా పడిందేమోనని మొదట అనుమానించారు. పరీక్షిస్తే అది ఆ ఇ.కోలి వంశమే! 31 వేల తరాలు దాటాక ఆ ఒక్క కుప్పెలోని బ్యాక్టీరియా సిట్రేట్‌ తినడం నేర్చేసింది. తిండి పెరిగింది, సంతతి ఎన్నో రెట్లు పెరిగింది, ద్రవం చిక్కబడింది.

లెన్‌స్కీ దగ్గర పరిశోధకుడిగా ఉన్న జకారీ బ్లౌంట్‌ కారణం వెతకడానికి పూనుకున్నారు. దాచిపెట్టిన పాత తరాలను బతికించి, మళ్లీ ఆ మార్పు వస్తుందేమో చూశారు. మొత్తం 40 లక్షల కోట్ల కణాల్ని పరీక్షించారు. మార్పు వచ్చింది, కానీ బహు కొద్దిసార్లే. అదీ 20 వేల తరాలు గడిచాక దాచిన నమూనాల్లోనే వచ్చింది. అంతకుముందు తరాల్లో రాలేదు. అంటే ఈ మార్పుకు ముందే మరేవో చిన్న మార్పులు వచ్చి నేలను సిద్ధం చేసి ఉండాలన్నమాట. 2008లో ఈ ఫలితాలు వెలువడి పెద్ద చర్చే జరిగింది.

వేరే గది స్విచ్చు

మరి తలుపు ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు 2012లో దొరికింది. తలుపు కొత్తగా రాలేదు. పాతదే! ఇ.కోలిలో సిట్‌-టి అనే జన్యువు ముందునుంచీ ఉంది. సిట్రేట్‌ను లోపలికి తెచ్చే ప్రొటీన్‌ను తయారుచేసేది అదే. కానీ దాని స్విచ్చు గాలి లేనప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఆ కుప్పెలోని ఒక కణంలో డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దాదాపు 2,900 అక్షరాల ముక్క రెండుసార్లు పడింది. అలా వచ్చిన రెండో సిట్‌-టి నకలు, పక్కనున్న వేరే జన్యువు స్విచ్చు కిందికి చేరింది. ఆ స్విచ్చు గాలి ఉన్నప్పుడూ పనిచేసేదే. ఇంకేం, లైటు వెలిగింది. పడగ్గది స్విచ్చు వేస్తే వంటింటి బల్బు వెలిగినట్టు!

కథ అక్కడితో అయిపోలేదు. సిట్‌-టి తలుపుది కుండమార్పిడి సంబంధమే. ఒక సిట్రేట్‌ లోపలికి వస్తే, సక్సినేట్‌ అనే మరో ఆమ్లం బయటికి పోతుంది. సక్సినేటూ పనికొచ్చే తిండే. నిమ్మకాయలు తెచ్చుకోవడానికి బియ్యం అమ్ముకున్నట్టయింది దాని పరిస్థితి. అందుకే మొదట్లో ఆ బ్యాక్టీరియా సిట్రేట్‌ తిన్నా పెద్దగా లాభపడలేదు. తర్వాత ఇంకో మార్పు వచ్చింది. డిక్ట్‌-ఏ అనే మరో తలుపు ఎక్కువగా తయారవడం మొదలైంది. ఇది జోడీ పద్ధతి తలుపు. ప్రోటాన్లతోపాటు సక్సినేట్‌ను తిరిగి లోపలికి తెస్తుంది. ఒక తలుపులోంచి పోయిన సరుకు ఇంకో తలుపులోంచి ఇంటికి చేరింది. అప్పుడు కుదిరింది లెక్క. ఆ రెండు తలుపులూ కలిసి పనిచేశాకే కుప్పె చిక్కబడింది.

ఇందులో వాదవివాదాలూ ఉన్నాయి. ఇది అంత అరుదైన అద్భుతమేమీ కాదని 2016లో ఐడహో యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. సిట్రేట్‌ తప్ప వేరే దారిలేని పరిస్థితి కల్పిస్తే వందలోపు తరాల్లోనే ఇ.కోలి అది నేర్చుకోగలదని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. అక్కడా అవే రెండు జన్యువుల్లో మార్పులు కనిపించాయి. రోజూ కాస్త గ్లూకోజు దొరుకుతుంటే పదిహేనేళ్లు పట్టిన పని, అది లేకపోతే వారాల్లో అయిందన్నమాట. ఎలా చూసినా ఒక్క విషయంలో తేడా లేదు. లోపల వంట చెయ్యడం ఎప్పుడూ సమస్య కాలేదు. సరుకు లోపలికి చేర్చడమే సమస్య.

కొవిడ్‌ కారణంగా 2020లో ఈ ప్రయోగాన్ని కొంతకాలం ఆపాల్సి వచ్చింది. గడ్డకట్టించే సదుపాయం ఉంది కాబట్టి నష్టమేమీ జరగలేదు. 75 వేల తరాల దాకా సాగాక 2022లో టెక్సస్‌ యూనివర్సిటీకి, జెఫ్రీ బారిక్‌ అనే శాస్త్రవేత్త చేతికి చేరింది.

వెన్న వాసన ఎవరి పుణ్యం?

ఇ.కోలి అంత కష్టపడి నేర్చిన విద్య కొన్ని బ్యాక్టీరియాలకు పుట్టుకతోనే ఉంది. పాలల్లోనూ సిట్రేట్‌ ఉంటుంది. లీటరుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. లాక్టోకాకస్‌ జాతి బ్యాక్టీరియాల్లో ఒక రకం దాన్ని సిట్‌-పి అనే తలుపులోంచి లోపలికి తీసుకుంటుంది. బదులుగా బయటికి ఏం పంపుతుందో తెలుసా? లాక్టిక్‌ ఆమ్లం! పాలల్లోని చక్కెరను తిన్నాక అది ఎలాగూ వదిలించుకోవాల్సిన వ్యర్థం. చెత్త తీసుకెళ్లిన బండి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా తెచ్చినట్టు... ఎంత పొదుపో చూడండి. పైగా ఈ మార్పిడిలో పొరకు అటూ ఇటూ విద్యుదావేశం తేడా ఏర్పడి కణానికి కొంత శక్తి కూడా కలిసొస్తుంది.

లోపలికి వచ్చిన సిట్రేట్‌ రకరకాల మార్పులు చెందాక డైఅసిటైల్‌ అనే పదార్థం తయారవుతుంది. తోడువేసిన మీగడ నుంచి తీసిన వెన్నకు ఉండే కమ్మని వాసనలో పెద్ద వాటా దానిదే. ఇంటి తోడులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందన్నది ఇంటింటికీ మారుతుంది. ఈ రకం బ్యాక్టీరియా ఉంటే ఆ కమ్మదనం దానికి కారణమనుకోవచ్చు. డెయిరీల్లో అయితే ఈ వాసన కోసమే ఈ రకాన్ని ఎంచి మరీ తోడులో కలుపుతారు.

కందిచేను కింద బేరం

సక్సినేట్‌ను లోపలికి తెచ్చే డిక్ట్‌-ఏ తలుపు గురించి చెప్పుకున్నాం కదా. దాని సొంత బంధువు మన చేలల్లో పెద్ద ఉద్యోగమే చేస్తోంది. కంది, పెసర, మినుము, సెనగ, వేరుసెనగ... ఏ పప్పుజాతి మొక్కనైనా జాగ్రత్తగా పీకి చూడండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో రైజోబియం కుటుంబపు బ్యాక్టీరియాలు కాపురం ఉంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా మార్చి ఇస్తాయి. బుడిపెను చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించిందంటే పని బాగా జరుగుతోందని రైతులకు తెలుసు.

అయితే ఇది చాలా ఖర్చుతో కూడిన పని. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. ఆ శక్తికి కావలసిన తిండి మొక్కే పెట్టాలి. ఆకుల్లో తయారయ్యేది చక్కెర కాబట్టి బ్యాక్టీరియాకు చక్కెరే పెడుతుందని ఎవరైనా అనుకుంటారు. 1981లో క్లోవర్‌ అనే పశుగ్రాసం మొక్క మీద చేసిన ప్రయోగంలో అసలు సంగతి బయటపడింది. సక్సినేట్‌, మాలేట్‌ లాంటి ఆమ్లాలను తెచ్చుకునే తలుపు చెడిపోయిన రైజోబియంను మొక్కకు అంటించారు. చక్కెర తినే శక్తి దానికి మామూలుగానే ఉంది. వేళ్లకు బుడిపెలు వచ్చాయి. బ్యాక్టీరియా లోపల చేరింది. కానీ నత్రజని మాత్రం అందలేదు! మొక్క బ్యాక్టీరియాకు పెట్టే భోజనం చక్కెర కాదు, ఆపిల్లో పులుపునిచ్చే ఆ ఆమ్లాల జాతేనని అలా తెలిసింది.

ఒక్క తలుపు చెడితే బుడిపె ఉండీ లేనట్టే. ఇల్లుంది, కాపురం ఉంది, పొయ్యిలో నిప్పు లేదు. మన పళ్లెంలోకి పప్పు వచ్చే దారిలో ఈ తలుపు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పసిబిడ్డ మెదడులోనూ...

సిట్రేట్‌ తలుపులు బ్యాక్టీరియాల సొత్తే కాదు. వాటి వంశం మనదాకా వచ్చింది. సిట్‌-టి కుటుంబానికి చెందిన ప్రొటీన్‌ ఒకటి కలరా బ్యాక్టీరియాలో ఉంది. 2012లో న్యూయార్క్‌ పరిశోధకులు దాని ఆకారాన్ని బయటపెట్టారు. ఆ ప్రొటీన్లో ఆమ్లాన్ని పట్టుకునే భాగం పొరలో లిఫ్టులా ఒకవైపు నుంచి రెండోవైపుకు కదులుతుందని ఈ కుటుంబపు ప్రొటీన్ల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది.

మన కాలేయంలో, మెదడు కణాల్లో ఇదే కుటుంబానికి చెందిన తలుపు ఉంది. సోడియంతో జోడీ కట్టి రక్తంలోని సిట్రేట్‌ను లోపలికి తెస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువుకు తల్లి నుంచి వచ్చిన నకలు, తండ్రి నుంచి వచ్చిన నకలు రెండూ చెడిపోతే పుట్టిన కొద్ది రోజుల్లోనే బిడ్డకు ఫిట్స్‌ మొదలవుతాయి. ఎదుగుదల మందగిస్తుంది, దంతాల మీది ఎనామిల్‌ కూడా సరిగా ఏర్పడదు. ఇది చాలా అరుదైన జబ్బు. దీని వెనకున్న జన్యువును 2014లో గుర్తించారు. తల్లిదండ్రులకు ఏ లక్షణమూ ఉండదు, ఎందుకంటే వాళ్లలో ఒక నకలు బాగానే ఉంటుంది. మేనరికాల్లాంటి దగ్గరి సంబంధాల్లో ఇద్దరిలోనూ ఒకే రకం లోపం ఉండే అవకాశం పెరుగుతుందని వైద్యులు హెచ్చరించేది ఇలాంటి జబ్బుల గురించే. పుట్టిన వెంటనే ఫిట్స్‌ వచ్చే బిడ్డల విషయంలో కారణం తేలకపోతే జన్యు పరీక్ష గురించి పిల్లల వైద్యుణ్ని అడగడం మంచిది.

ఈ ప్రొటీన్‌ మానవ రూపం ఆకారాన్ని 2021లో తెలుసుకోగలిగారు. ఏ లోపం వల్ల తలుపు ఎక్కడ ఇరుక్కుంటోందో ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా పరిశీలించగలుగుతున్నారు. కలరా క్రిమి తలుపును విడదీసి చూసిన పని, పసిబిడ్డ జబ్బును అర్థం చేసుకోవడానికి దారి చూపింది.

తలుపు లేకపోవడం ఎప్పుడూ నష్టమే అనుకోకండి. ఇదే కుటుంబపు ప్రొటీన్‌ ఈగల్లోనూ ఉంది. అది తగ్గిన పండ్ల ఈగల సగటు ఆయుష్షు దాదాపు రెట్టింపయిందని 2000లో ఒక పరిశోధన వచ్చింది. తిండి లోపలికి తక్కువగా చేరడం వల్ల ఉపవాసం ఉన్నట్టయి ఆయుష్షు పెరిగిందని వివరించారు. అందుకే ఆ జన్యువుకు 'నేనింకా చావలేదు' అనే అర్థం వచ్చేలా సరదాగా ఇండీ అని పేరు పెట్టారు. అంత తేడా కనిపించలేదని తర్వాత మరికొందరు వాదించారు. ఆ చర్చ అలా ఉంచితే, ఒకే తలుపు మూసుకుపోవడం పసిబిడ్డకు శాపమైనచోటే ఈగకు వరమయిందంటే ప్రకృతి లెక్కలు ఎంత చిత్రమైనవో కదా!

సిట్రేట్‌ తినగల కణానికి సిట్రేట్‌ చుట్టూ ఉన్నా ఆకలి తీరలేదు. చక్కెర తినగల రైజోబియం బుడిపెలో చేరినా మొక్కకు నత్రజని అందలేదు. రక్తంలో సిట్రేట్‌ ఉన్నా ఆ బిడ్డ మెదడుకు చేరలేదు. మూడుచోట్లా కొరత తిండిది కాదు, దారిది. ఈసారి చారులో నిమ్మకాయ పిండేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే ఇంట్లో పిల్లలకూ చెప్పండి. ఆ పులుపు మన నాలుకను చేరడం తేలిక. కణం లోపలికి చేరడమే పెద్ద ప్రయాణం!